నీళ్ల గొట్టంలో గీత

మొక్కల వైరస్‌ల మీద పని చేశానని చెప్పగానే ఎదుటివాళ్లు ఒక అడుగు వెనక్కి జరుగుతారు. బస్సుల్లో, పేరంటాల్లో, చివరికి మా చర్చి మెట్ల మీద కూడా. "మీకేం అంటుకోదా అండీ?" అని అడుగుతారు. అంటుకోదు. అరటికి వచ్చే వైరస్ మనిషి జోలికి రాదు, మినుముకు వచ్చేదీ అంతే. ఉద్యోగమంతా నేను భయపడుతూనే చేశాను, ఒప్పుకుంటాను. ఆ భయం మాత్రం అది కాదు.

మా పని అంతా కలిపితే ఒక్క మాట చెప్పడం. రైతు ఆకు తెచ్చి ఇస్తాడు. అందులో వైరస్ ఉందో లేదో మేము చెప్పాలి. ఉందంటే తోట పీకేస్తాడు. లేదంటే పిలకలు తీసి ఊరందరికీ పంచుతాడు. మాట ఎటు తప్పినా నష్టపోయేది అతనే. మన జీతం ఒకటో తారీఖున మనకు వచ్చేస్తుంది. ఈ సంగతి తలుచుకుని గుండె దడ పుట్టనివాళ్లు ఈ పనిలోకి రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కొత్తగా చేరే పిల్లలు నన్ను తిట్టుకున్నా సరే, ఆ మాట వెనక్కి తీసుకోను.

ప్రమోషన్లూ, సన్మానాలూ ఇందులో రాయడం లేదు. అవి అందరికీ ఒకేలా ఉంటాయి.

ముందు నీళ్లు చూపించు

నాకు పని నేర్పిన గురువుగారికి ముక్కు మీద కోపం. ఆయన దగ్గరికి ఫలితం పట్టుకెళ్తే ఏ మొక్క, ఏ ఊరు అని అడిగేవారు కాదు. "ముందు నీళ్లు చూపించమ్మా" అనేవారు.

అదేమిటో చెప్పాలి. ఆకు రసంలో వైరస్ కంటికి కనపడదు. పీసీఆర్ యంత్రం ఆ వైరస్ జన్యువులో ఒక చిన్న ముక్కను పట్టుకుని కోట్ల నకళ్లు తీస్తుంది. ఆ నకళ్లను జెల్ అనే మెత్తటి పలకలో, గొట్టానికో గడి చొప్పున పరుగెత్తించి, ప్రత్యేకమైన దీపం కింద పెడితే గీతలా మెరుస్తాయి. గీత ఉంటే వైరస్ ఉన్నట్టు. అయితే ఆకుల గొట్టాలతో పాటు ప్రతిసారీ ఒక గొట్టంలో ఉత్త నీళ్లు కూడా పెడతాం. నీళ్లలో వైరస్ ఉండదు, గీత రాకూడదు. వచ్చిందంటే కల్తీ మన గదిలోనో మన చేతిలోనో ఉంది. ఆ రోజు మిగతా గీతలు ఎంత అందంగా ఉన్నా అవి చెప్పేది నమ్మడానికి లేదు.

నాతో చదివిన ఒకతను ఫోటోలో నీళ్ల గడి బాగా రాలేదని దాన్ని కత్తిరించి తెచ్చాడు. గురువుగారు ఫోటో కూడా పూర్తిగా చూడలేదు. "ఇదొక్కటే నాకు కావలసింది, దీన్నే కోసేసి తెచ్చావు" అని తలుపు వైపు చెయ్యి చూపించారు. అతను ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. ఎప్పుడు కనపడినా ఆ మాటే గుర్తు చేసుకుంటాడు, నవ్వుతూనే.

అందుకే మా లాబ్‌లో రెండు గదులు ఉండేవి. శుభ్రమైన గదిలో గొట్టాలు నింపుతాం. జెల్ గదిలో కోట్ల నకళ్లు ఉన్న గొట్టాలు తెరుస్తాం. మొదటి గది నుంచి రెండో గదికి వెళ్లవచ్చు. రెండో గది నుంచి వస్తువు ఏదీ వెనక్కి రాకూడదు, మనం వేసుకున్న కోటు కూడా. చుక్కలు కొలిచి పోసే పైపెట్లకు శుభ్రమైన గదిలో ఆకుపచ్చ టేపు, జెల్ గదిలో ఎర్ర టేపు. ఎర్ర టేపు పైపెట్‌లో కంటికి కనపడని తుంపర మిగిలి ఉంటుంది. నీళ్లను కూడా రోగిష్టివని చూపించడానికి అది చాలు.

మందు అడిగినప్పుడు

కూచిపూడి దగ్గర ఒక ఊళ్లో, వరి కోసిన మాగాణిలో మినుము వేశారు. నేను వెళ్లేసరికి చేను చేనంతా పసుపు పూసినట్టుంది. పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. నేను ఆకులు కోసుకుంటుంటే ఆ చేను తాలూకు ఆవిడ గట్టు మీద నిలబడి చూస్తోంది. "ఇంతకీ మందేంటండీ?" అని అడిగింది. మందు లేదమ్మా అన్నాను. "మరి ఆకులెందుకండీ కోసుకెళ్తన్నారు?" అంది.

ఏ రకం వైరస్సో తెలుసుకోవడానికి, తట్టుకునే విత్తనం తయారు చేయడానికి అని ఏదో చెప్పాను. అది అబద్ధం కాదు. కాకపోతే ఆవిడ ఆ ఏడాది పంటకు అది ఎందుకూ పనికిరాదు. వైరస్ పట్టిన మొక్కను బాగు చేయలేం. శుభ్రమైన విత్తనమో, శుభ్రమైన పిలకో రైతు చేతికి ఇవ్వగలం. అంతే మన బలం. ఆ శుభ్రం అన్న మాట తప్పితే ఇక మనతో ఎవరికీ పని లేదు.

నాంచారయ్య గారి చక్కెరకేళి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రిటైరయ్యే ముందు నేను పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

ఆ ఏడు కృష్ణకు వరద వచ్చి లంకల్లో అరటి తోటలు మునిగిపోయాయి. నీళ్లు తీశాక మిగిలిన తోటల్లో బంచీటాప్ కనపడింది. మా వైపు రైతులు వెర్రితల అంటారు. ఆకులు సన్నబడి, నిటారుగా, గుబురుగా అయిపోతాయి. చెట్టు గెల వేయదు. నల్లగా ఉండే ఒక రకం పేనుబంక దీన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది.

ఆ లంకల్లో పెరిగే చక్కెరకేళి రుచి వేరు. దాని పిలకలు శుభ్రంగా మిగిలింది ఒక్క నాంచారయ్య గారి మెరక తోటలో. ఆయన వాటిని తవ్వి, మంగళగిరి దారిలో ఉన్న మా కేంద్రానికి ట్రాక్టర్ మీద తెచ్చారు. పరీక్ష చేశాం, అన్నీ శుభ్రం. దోమ కూడా దూరని వల కట్టిన నెట్‌హౌస్‌లో పెట్టాం. దుంపలు పెరిగి చుట్టూ పిలకలు వేస్తే, ఇంకోసారి పరీక్ష చేసి లంక రైతులందరికీ పంచాలని ఏర్పాటు.

నాంచారయ్య గారు బక్కపలచటి మనిషి, మాట తక్కువ. ఏదో పని మీద విజయవాడ వచ్చినట్టు వచ్చి, వల బయటి నుంచి మొక్కల్ని చూసి వెళ్లేవారు. "లోపలికి రండి" అంటే వచ్చేవారు కాదు. "వద్దండి మేడంగారు, తోటలో తిరిగొచ్చిన బట్టలండి" అనేవారు. ఆ జాగ్రత్త మా స్టాఫ్‌లో సగం మందికి లేదని నేను చాలాసార్లు అరిచాను.

పూజ రోజు

దసరాకు మా కేంద్రంలో ఆయుధపూజ ఘనంగా చేసేవారు. డైరెక్టర్ విశ్వనాథం గారికి అదంటే ప్రాణం. సెంట్రిఫ్యూజులు, మైక్రోస్కోపులు, జీపు, అన్నిటికీ పసుపూ కుంకుమా తన చేత్తోనే పెట్టేవారు. నేను క్రిస్టియన్‌ని. అయినా ప్రతి ఏడూ పులిహోర తిని వచ్చేదాన్ని, క్రిస్మస్‌కు నేను తెచ్చిన కేకు ఆయన కోసేవారు. మా మధ్య ఆ విషయంలో ఏనాడూ తేడా రాలేదు.

ఆ ఏడు నేను వెళ్లేసరికి పూజ అయిపోయింది. లాబ్ తలుపుకి రెండు వైపులా అరటి పిలకలు, మామిడి తోరణం. లోపల అందరూ విస్తళ్ల దగ్గర ఉన్నారు. నాకూ ఒకటి వేశారు. తిని, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయాను.

తర్వాత లాబ్‌కు రసాయనాలు రావడం ఆలస్యమైంది. కార్తీకం వెళ్లాక గానీ రాలేదు. ఈలోగా నెట్‌హౌస్‌లో పిలకలు బాగా లేచాయి. పంపిణీకి రోజు పెట్టారు, పెద్దవాళ్లను పిలిచారు, షామియానా మాట్లాడారు. దసరా తర్వాత మేము పెట్టిన మొదటి పరీక్ష ఆ తల్లి మొక్కలదే.

పద్మజ నా దగ్గర పని చేసే అమ్మాయి, పనిలో చాలా జాగ్రత్త మనిషి. జెల్‌ని దీపం కింద పెట్టి నన్ను పిలిచింది. నేను వెళ్లి చూశాను. ప్రతి మొక్క గడిలోనూ గీత ఉంది. కళ్లు నీళ్ల గడి వైపు తిప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. తిప్పాను. అక్కడా ఉంది.

"మళ్లీ పెడతానండి" అంది పద్మజ. కొత్త నీళ్లు, కొత్త రసాయనాలు తెరిచి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే.

సేఫ్ సైడ్

విశ్వనాథం గారు ఫోటో చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "నీళ్లలో పల్చగానే ఉంది కదండీ సువార్త గారూ. మొక్కల్లో గట్టిగా ఉంది. అన్నిటికీ ఉందని రాసేసి పీకించేద్దాం. సేఫ్ సైడ్."

ఈ సేఫ్ సైడ్ అన్న మాట మీద నాకు జీవితాంతం కోపం. ఎవరికి సేఫ్? పీకించేస్తే మనల్ని ఎవరూ ఏమీ అనరు, చేతులు దులుపుకోవచ్చు. ఆ లంకల్లో చక్కెరకేళి మాత్రం అక్కడితో సరి. అలా అని ఆయన చెడ్డవారు కాదు. వేరే చోట పని చేసినప్పుడు, పరీక్ష లేకుండా వెళ్లిన మొక్కల వల్ల తోటలు పాడవడం కళ్లారా చూసిన మనిషి. ఆయన భయం ఆయనది.

"నీళ్లలో గీత వచ్చాక ఇది పరీక్షే కాదండీ. ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం" అన్నాను.

"మరి రేపు పొద్దున్నే నాంచారయ్య ఫలితం కోసం వస్తాడు. ఏం చెప్తారు?"

శుభ్రమైన గదిలోకి వెళ్లి కూర్చున్నాను. ఒక్కొక్క వస్తువునూ చూస్తూ పైపెట్ చేతిలోకి తీసుకున్నాను. ఆకుపచ్చ టేపు అంచు లేచి ఉంది. గోటితో లాగాను. టేపు కింద కుంకుమ బొట్టు.

కాసేపటి వరకు నాకు అర్థం కాలేదు. బొట్టు టేపు పైన ఉంటే సరే, పూజలో పెట్టారు. టేపు కింద ఉందంటే, టేపు పూజ అయ్యాక అతికించారు. అంటే పూజకు ముందు టేపులు పీకేశారు. రెండు గదుల పైపెట్లనూ ఒకే పళ్లెంలో పెట్టారు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. తర్వాత ఏది ఏ గదిదో గుర్తు లేక, అందాజాగా టేపులు అంటించి సర్దేశారు.

పద్మజను అడిగాను. తల వంచుకుని చెప్పింది. "జిగురుగా ఉన్నాయని, దేవుడి దగ్గర పెట్టేవి శుభ్రంగా ఉండాలని సార్ తీయమన్నారండి. స్పిరిట్‌తో తుడిచానండి."

స్పిరిట్ పైన మెరుగు పెడుతుంది. లోపలి తుంపరను ఏమీ చేయదు.

ఇక్కడ నేను పడ్డ బాధ ఎవరికీ చెప్పుకునేది కాదు. నా పేరు సువార్త. పూజలో పొరపాటు జరిగిందని నా నోటితో డైరెక్టర్ గారికి ఎలా చెప్పడం? రేపు కాంటీన్‌లో ఆ మాట ఎన్ని రూపాలు ఎత్తుతుంది? పద్మజ చేత చెప్పిద్దామా అనుకున్నాను. ఆ పిల్లను ముందుకు తోయడానికి మనసొప్పలేదు. చివరికి పైపెట్ పట్టుకుని నేనే వెళ్లాను.

ఆయన బొట్టు చూశారు.

"దేవుడి దగ్గర పెట్టడంలో తప్పేం లేదండీ" అన్నాను. "టేపు తీయడమే..."

"టేపు తీయమన్నది నేనే" అన్నారు ఆయన. "ఇది చెప్పడానికి భయపడ్డారా సువార్త గారూ?"

"భయపడ్డానండీ."

"ఇన్నేళ్లుగా నా పులిహోర తింటున్నారు" అన్నారు. పక్క కాలేజీకి ఫోన్ చేసి, వాళ్ల కొత్త పైపెట్లు అరువు అడిగారు.

తలుపు దగ్గర మొక్క

అరువు పైపెట్లతో రాత్రంతా కూర్చుని పరీక్ష మొదటి నుంచీ చేశాం. ఈసారి నీళ్ల గడి ఖాళీగా ఉంది. నల్లగా, ఏమీ లేకుండా. దాని తర్వాత మొక్కల వైపు చూశాను. అన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప. నెట్‌హౌస్ తలుపు పక్కనున్న మొక్క. మళ్లీ చేశాం. మళ్లీ అదొక్కటే.

నెట్‌హౌస్‌కు పరుగులాంటి నడకతో వెళ్లాను, అప్పటికి తెల్లవారింది. ఆ మొక్క ఆకు కాడను ఎండకు పట్టి చూస్తే, ఈనె పక్కన ముదురాకుపచ్చ చుక్కలూ చిన్న గీతలూ మొదలవుతున్నాయి. తలుపు స్తంభానికి పురికొస ముడి ఇంకా వేలాడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, లాబ్ తలుపుకి కట్టిన అరటి పిలకలు. నెట్‌హౌస్ తలుపుకీ కట్టారన్నమాట. విజయవాడ వన్ టౌన్ మార్కెట్ నుంచి ఆటోలో వచ్చిన పిలకలు, ఏ తోటవో, ఎన్ని పేనుబంకలు మోసుకొచ్చాయో. హారతి ఇస్తూ తలుపు ఎంతసేపు తెరిచి ఉంచారో.

కళ్లెదురుగా ఉన్నదే. అరటి తెగులు మీద బతికేవాళ్లం, అరటి చెట్టుని పూజకు గుమ్మానికి కట్టుకున్నాం. ఇంకే ఆఫీసులో కట్టినా ఏమీ అయ్యేది కాదు.

కాసేపటికి నాంచారయ్య గారు వచ్చారు. డైరెక్టర్ గారు కూడా నా పక్కన నిలబడ్డారు. ఉన్నదున్నట్టు చెప్పాను, కుంకుమ నుంచి పురికొస దాకా. నాంచారయ్య గారు చివరి వరకు విన్నారు.

"ఆ ఒక్కదాన్నీ తీసేత్తే మిగతాయి బాగున్నట్టేనాండి?" అన్నారు.

ఇదే, నేను మొదట్లో చెప్పిన ఆ ఒక్క మాట. అవునంటే అందరూ సంతోషిస్తారు, షామియానా కూడా వేస్ట్ అవదు. కానీ పేనుబంక పక్క మొక్క మీద వాలి ఉంటే, వైరస్ మా పరీక్షకు చిక్కడానికి ఇంకా సమయం పడుతుంది.

"ఇవాళ్టికి కనపడలేదండీ. లేదని మాత్రం చెప్పలేను. పిలకలు ఇప్పుడు ఇవ్వను."

"నాటు టైమ్ పోద్ది గదండి" అన్నారు. "నేను ఊళ్లో ఏమని చెప్పుకోను? అందరూ దుక్కులు చేసుకుని కూకున్నారు." మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఏడుపు వచ్చింది. మాట మాత్రం మార్చలేదు.

ముందు పేనుబంక చచ్చేలా మందు కొట్టి, తర్వాత ఆ మొక్కను దుంపతో సహా తీసి, బయటికి తెచ్చి ముక్కలు చేశాం. కత్తి నాంచారయ్య గారే పట్టుకున్నారు. పని అయ్యాక నాతో మాట్లాడకుండా గేటు దాటి వెళ్లిపోయారు. తర్వాత చాలా రోజులు రాలేదు. నేను మొక్కల దగ్గరికి వెళ్లినప్పుడల్లా వల అవతలికి చూసేదాన్ని. మిగిలినవాటికి మళ్లీ మళ్లీ పరీక్ష చేశాం. ప్రతిసారీ ముందు నీళ్ల గడే చూసేదాన్ని. చివరికి ఎండలు ముదిరాక, పిలకలు ఇవ్వవచ్చని సంతకం పెట్టాను. షామియానా లేదు, పెద్దవాళ్లూ రాలేదు. రైతులు ట్రాక్టర్లు తెచ్చుకుని పట్టుకెళ్లారు. నాంచారయ్య గారు తన కొడుకుని పంపించారు. తను రాలేదు.

సంతకం పెట్టాక భయం పోతుందని మీరు అనుకుంటారేమో. అప్పుడే మొదలవుతుంది. రిటైరయ్యాక కూడా, లంకల వైపు నుంచి ఫోన్ వస్తే ఎత్తే ముందు ఒక క్షణం ఆగేదాన్ని. వెర్రితల అన్న మాట వినపడుతుందేమోనని.

ఒకసారి నిజంగానే ఫోన్ వచ్చింది. నాంచారయ్య గారు. "మేడంగారండి, మావోడి పెళ్లండి. మీరు తప్పకుండా రావాలండి."

వెళ్లాను. సాయంత్రం ముహూర్తం. గుమ్మానికి అటూ ఇటూ గెలలతో సహా రెండు అరటి చెట్లు కట్టారు. లోపల సన్నాయి వినపడుతోంది. నాకు అదేమీ పట్టలేదు. కాళ్లు ఆ చెట్టు దగ్గరే ఆగిపోయాయి. ఎక్కడ కొన్నారో, ఏ తోటవో. ఆకు కాడ పట్టుకుని ఈనె వెతకసాగాను.

"కొన్నయ్యి కాదండి అయ్యి" అన్న మాట వెనక నుంచి వినపడింది. నాంచారయ్య గారు, కొత్త పంచెలో. "మీరిచ్చిన పిలకలేనండి. మన తోటయ్యే. పొద్దున నేను కూడా చూశానండి."

"మళ్లీ చూస్తే తప్పేముందండీ" అన్నాను.

"తప్పేం లేదండి. చూడండి" అని ఆయన ఫోన్ లైటు వేసి ఆకు వెనక పట్టుకున్నారు. లోపల నుంచి ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు. వస్తన్నానని చెప్పి లైటు అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఒక్కొక్క ఆకూ చూశాను. రెండో చెట్టు కూడా చూశాను. ఎక్కడా ఒక్క గీత లేదు.

అప్పుడు లోపలికి వెళ్లి పిల్లల మీద అక్షింతలు వేశాను.